తేడాను సగం చేసి చూడు

మా నాన్న జనగామలో ఒక సహకార బ్యాంకులో క్లర్కుగా చేరి క్యాషియర్‌గా రిటైర్ అయ్యారు. నా చిన్నప్పుడు అక్కడ కంప్యూటర్లు లేవు. సాయంత్రం డే బుక్ టాలీ కాకపోతే, తేడా పది పైసలే అయినా సరే, రాత్రి తొమ్మిదింటి దాకా ఇంటికి వచ్చేవారు కాదు. అమ్మ అన్నం గిన్నె మీద మూతపెట్టి కూర్చునేది. ఆ పది పైసలేవో జేబులోంచి వేసేయొచ్చు కదా అని ఒకసారి అడిగాను. పది పైసల తేడా వెనక పదివేలు అటు, పదివేల పది పైసలు ఇటు ఉండొచ్చని అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి, 2011 అక్టోబర్‌లో జర్మనీలోని ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాను. నాకు ఇచ్చిన పని ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇది: బాటమ్ క్వార్క్ స్ట్రేంజ్ క్వార్క్‌గా మారుతూ ఒక ఫోటాన్‌ను వదిలే అరుదైన విఘటనకు, సూపర్‌సిమెట్రీ మోడల్‌లో, గ్లూయినోలు పాల్గొనే రెండు లూప్‌ల కరెక్షన్లు లెక్కగట్టడం. ఈ ఒక్క వాక్యానికి మూడున్నరేళ్లు పట్టాయి. ఆ మూడున్నరేళ్లలో కొత్తగా లెక్క చేసింది తక్కువ, చేసిన లెక్క సరైనదేనా అని చూసుకున్నది ఎక్కువ.

ముందు ఈ విఘటన సంగతి. క్వార్కులంటే ప్రోటాన్ లాంటివాటి లోపల ఉండే మూలకణాలు. సూపర్‌సిమెట్రీ అంటే తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే ఊహ: క్వార్కులకు స్క్వార్కులు, వాటిని అతికించే గ్లువాన్లకు గ్లూయినోలు. లూప్ అంటే మధ్యలో కాసేపు పుట్టి మాయమయ్యే కణాల చుట్టు. బాటమ్ క్వార్క్‌కూ స్ట్రేంజ్ క్వార్క్‌కూ విద్యుదావేశం ఒకటే. తెలిసిన కణాల సిద్ధాంతమైన స్టాండర్డ్ మోడల్‌లో ఒకటి ఇంకోదానిగా నేరుగా మారడానికి వీల్లేదు. మధ్యలో డబ్ల్యూ బోసాన్, టాప్ క్వార్క్ ఒక లూప్‌లో తిరిగి రావాలి. అందుకే ఇది అరుదు: బాటమ్ క్వార్క్ ఉండే బి-మెసాన్ కణాలు పదివేలుంటే వాటిలో మూడో నాలుగో ఈ దారిన పోతాయి. అమెరికాలో కార్నెల్‌లోని క్లియో ప్రయోగం 1993లో దీన్ని మొదటిసారి చూసింది. లూప్‌లో ఎవరు తిరిగారో బయటికి కనబడదు. డబ్ల్యూ బదులు చార్జ్ ఉన్న హిగ్స్ తిరగొచ్చు, చార్జినో (డబ్ల్యూ, హిగ్స్‌ల జోడీ), స్టాప్ (టాప్ జోడీ) జంట తిరగొచ్చు. వాటి బరువు ఎక్కువై యంత్రంలో వాటిని నేరుగా పుట్టించలేకపోయినా, పదివేలకు మూడు అన్న అంకె కొంచెం పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడును పట్టుకోవాలంటే మన అంకె ముందు గట్టిగా ఉండాలి. ఒక లూప్‌తో ఆగిపోతే, లెక్కలో మనం ఇష్టం వచ్చినట్టు ఎంచుకునే స్కేల్‌ను సగం చేసి, రెట్టింపు చేసి చూసినప్పుడు జవాబు పాతిక శాతం దాకా ఊగుతుంది. అంత ఊగే తక్కెడలో కొత్త కణాన్ని తూయడం కుదరదు. స్టాండర్డ్ మోడల్ వరకు 2006లో మూడో మెట్టు లెక్క తేలింది: పదివేలకు 3.15, అటూ ఇటూ 0.23. సూపర్‌సిమెట్రీ వైపు కూడా ఆ స్థాయికి వీలైనంత దగ్గరగా రావాలని చాలామంది పనిచేశారు. నాది అందులో ఒక చిన్న ముక్క.

చేరిన వారంలోనే మా గైడ్ ఒక పని చెప్పారు. కంప్యూటర్ ముట్టుకోకుండా, కాగితం మీద, స్టాండర్డ్ మోడల్ ఒక లూప్ జవాబు రాబట్టమన్నారు. ఇది 1981లో ఇనామి, లిమ్ అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు చేసిన లెక్క. జవాబు పుస్తకాల్లో ఉంది: డబ్ల్యూ బరువు దగ్గర ఈ విఘటన బలాన్ని చెప్పే సీ-సెవెన్ అనే గుణకం సుమారు మైనస్ 0.19. అక్కడి నుంచి బాటమ్ క్వార్క్ బరువు దాకా దిగేసరికి గ్లువాన్ల ప్రభావంతో అది మైనస్ 0.30 దగ్గరికి పెరుగుతుంది. రేటు దాని వర్గం కాబట్టి, కేవలం గ్లువాన్ల వల్లే విఘటన సుమారు రెండున్నర రెట్లవుతుంది. ఈ రంగంలో కరెక్షన్ అంటే చివర్లో చల్లే ఉప్పు కాదని నాకు ఆ మొదటి నెలలోనే అర్థమైంది.

మూడు వారాలు కూర్చున్నాను. ప్లస్ 0.19 వచ్చింది. అంకె సరే, గుర్తు తప్పు. ఇంకో వారం వెతికితే తేలిందేమిటంటే తప్పు లేదు. కణాలకూ బలక్షేత్రాలకూ ఉన్న బంధాన్ని రాసే కోవేరియంట్ డెరివేటివ్‌లో ప్లస్ పెడతారా మైనస్ పెడతారా అన్నది రాసేవాళ్ల ఇష్టం. నేను వాడిన పుస్తకం ఒకటి పెట్టింది, జవాబు చూసుకున్న పేపర్ ఇంకోటి పెట్టింది. సూపర్‌సిమెట్రీలోకి వస్తే హిగ్స్ జోడీ అయిన హిగ్సినో బరువును పట్టే మ్యూ అనే సంఖ్య గుర్తులోనూ ఇదే గొడవ. మూడు పేపర్లు తెరిస్తే మూడు పద్ధతులు. చార్జినో భాగం స్టాండర్డ్ మోడల్ జవాబుకు కలుస్తుందా, దాన్ని తగ్గిస్తుందా అన్నది ఆ మ్యూ గుర్తు, స్టాప్‌ల మిశ్రమం గుర్తు కలిసి తేలుస్తాయి. అంటే గుర్తు తప్పితే ఫిజిక్స్ తలకిందులవుతుంది. ఆ రోజు నుంచి నా నోట్‌బుక్ మొదటి పేజీలో నేను వాడే పద్ధతులన్నీ ఎర్ర ఇంకుతో రాసిపెట్టుకున్నాను.

ఒక లూప్ సూపర్‌సిమెట్రీ లెక్కలో మాత్రం ఒక మంచి రోజు వచ్చింది. ఫెరారా, రెమిడ్డి అనే ఇద్దరు 1974లోనే ఒక సంగతి చూపించారు. సూపర్‌సిమెట్రీ ఏమాత్రం విరగకుండా ఉంటే ఈ రకం మాగ్నెటిక్ డైపోల్ (ఫోటాన్‌ను వదిలించే పదం) ఉండనే ఉండదు. డబ్ల్యూ భాగం, చార్జ్ ఉన్న హిగ్స్ భాగం, చార్జినో భాగం అన్నీ కలిపితే సున్నా రావాలి. నా ఫార్ములాల్లో బరువులన్నీ అలా సర్ది కూడితే సున్నా వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. "ఆర్నెల్లు చేసి సున్నా తెచ్చినవా?" అని అమ్మ ఒకటే నవ్వు. నాన్న మాత్రం వెంటనే పట్టుకున్నారు. "సున్నా వచ్చిందంటే రెండు వైపులా కలిసినట్టే గద."

అమ్మకు ఇంకో మాట కూడా చాలా నచ్చింది. లెక్క కోసం ఏ కణం ఏ కణంగా మారిందో గీసుకునే ఈ లూప్ బొమ్మల్ని పెంగ్విన్ బొమ్మలంటారు. 1977లో జాన్ ఎల్లిస్ ఒక పబ్బులో డార్ట్స్ ఆటలో పందెం ఓడిపోయాడు. తర్వాతి పేపర్‌లో పెంగ్విన్ అన్న పదం వాడాలన్నది పందెం. కొన్నాళ్లకు తను గీస్తున్న బొమ్మ కాస్త పెంగ్విన్‌లా ఉందనిపించి ఆ పేరు పెట్టేశాడు. జనగామలో చుట్టాలు "అమ్మాయి ఏం చదువుతోంది?" అంటే అమ్మ "పెంగ్విన్ల మీద" అని చెప్పేది. వాళ్లు జంతుశాస్త్రం అనుకునేవాళ్లు. నేనూ దిద్దలేదు.

రెండు లూప్‌లకు వెళ్లేముందు టాన్ బీటా గురించి చెప్పాలి, ఎందుకంటే ఎగువ కరెక్షన్లు ఎందుకు తప్పవో నాకు నిజంగా ఒంటికి పట్టింది అక్కడే. సూపర్‌సిమెట్రీలో రెండు హిగ్స్ ఫీల్డ్‌లుంటాయి. వాటి సగటు విలువల నిష్పత్తి టాన్ బీటా. అది పెద్దదైతే, గ్లూయినో, బాటమ్ స్క్వార్క్‌లు తిరిగే ఒక చిన్న లూప్ బాటమ్ క్వార్క్ బరువునే మార్చేస్తుంది. హాల్, రట్టాజ్జి, సారిద్ తొంభైల మొదట్లో దీన్ని చూపించారు. సూపర్‌సిమెట్రీ బరువులన్నీ ఒకటే అనుకుంటే ఆ మార్పు ఆల్ఫా-ఎస్‌ను (గ్లువాన్ల బలాన్ని చెప్పే సంఖ్య) మూడు పైతో భాగించి టాన్ బీటాతో గుణించినంత. ఆల్ఫా-ఎస్‌ను 0.1 అనుకుని, టాన్ బీటాను 50 అనుకుని వేసి చూడండి: 0.53. మామూలుగా ఒక శాతం ఉండాల్సిన కరెక్షన్ యాభై శాతానికి పోయింది! ఇంకో వింత ఏమిటంటే బరువులన్నిటినీ కలిపి పది రెట్లు పెంచినా ఇది తగ్గదు. లవంలోనూ హారంలోనూ బరువులు సమంగా పెరిగి కొట్టేసుకుంటాయి. ఇలాంటిదాన్ని ఒక లూప్ దగ్గర ఆపలేం. అన్ని మెట్లలోనూ వచ్చే ఈ టాన్ బీటా ముక్కల్ని ఒకేసారి కూడి హారంలో పెట్టాలి. ఇరవయ్యొకటో శతాబ్దం మొదట్లో రెండు బృందాలు బి-మెసాన్ లెక్కకు ఈ పని చేశాయి. నేను ఆ కూడికను నా చేత్తో చేసి చూసుకున్నాక గానీ మిగతా పేపర్లు చదవలేకపోయాను.

ఇక అసలు పని. రెండు లూప్ బొమ్మలు ఎన్ని ఉంటాయో చేత్తో గీసి తేల్చుకోలేం. క్యూగ్రాఫ్ అనే ప్రోగ్రాం గీసి పెడుతుంది. నా జాబితా వందల్లో వచ్చింది. ఒక్కో బొమ్మను ఫార్మ్ అనే భాషలో రాసిన ప్రోగ్రాంకు ఇస్తాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో యోస్ వెర్మాసెరెన్ తయారుచేసిన ఈ ఫార్మ్ చూడ్డానికి పాతకాలపు సామానులా ఉంటుంది కానీ లక్షల పదాలున్న సమీకరణాన్ని ఆయాసపడకుండా నములుతుంది. బాటమ్ క్వార్క్ తేలిక, లూప్‌లో తిరిగేవి బరువైనవి. కాబట్టి బయటి మొమెంటమ్‌లలో టేలర్ శ్రేణిగా విప్పేస్తాం. విప్పాక మిగిలేవన్నీ బయటి కాళ్లు లేని రెండు లూప్ ఇంటిగ్రల్స్. వాటిలో మూడు వేర్వేరు బరువుల దాకా ఉంటాయి. వాటి జవాబును డేవిడిచెవ్, టౌస్క్ 1993లోనే రాసిపెట్టారు. పద్ధతంతా ఇంత సాఫీగా వినబడుతుంది. చేసేటప్పుడు మాత్రం ఒక బొమ్మ డిస్క్ అంతా నింపేసి క్లస్టర్‌లో ఇతరుల పనులు కూడా ఆపేసింది. పొద్దున వెళ్లేసరికి నా డెస్క్ మీద సిస్టమ్స్ చూసే ఆయన పెట్టిన చీటీ ఉంది. మర్యాదగానే రాశారు, కానీ మూడు ఆశ్చర్యార్థకాలు ఉన్నాయి.

గ్లూయినో ఉంటే ఇంకో చిక్కు. ఇంటిగ్రల్స్ అనంతానికి పోకుండా స్థలకాల పరిమాణాలను నాలుగు బదులు నాలుగు మైనస్ రెండు ఎప్సిలాన్ అనుకుంటాం. అలా తగ్గించగానే గ్లువాన్‌కూ గ్లూయినోకూ ఉన్న జోడీ చెడుతుంది. గ్లువాన్ దిశల లెక్క మారుతుంది, గ్లూయినోది మారదు. సూపర్‌సిమెట్రీ ప్రకారం గ్లువాన్ బంధం, గ్లూయినో బంధం ఒకటే కావాలి. ఈ పద్ధతిలో అవి ఒకటి కావు. గ్లూయినో బంధాన్ని ఒకటి ప్లస్ ఆల్ఫా-ఎస్ బై మూడు పై అన్న గుణకంతో చేత్తో సరిచేయాలి. ఒక శాతం పైచిలుకు సవరణ. మరిచిపోతే ఎవరూ అరవరు, జవాబు నిశ్శబ్దంగా తప్పవుతుంది. పరిమాణాలను తగ్గించే ఇంకో పద్ధతిలో ఈ చిక్కు ఉండదు కానీ అందులో ఎప్సిలాన్-స్కేలార్ అనే దయ్యాల్ని పోషించాలి. నేను రెండు పద్ధతుల్లోనూ చేసి పోల్చాను. ఇది నా సొంత తెలివి కాదు, గైడ్ పట్టుబట్టారు.

ఈలోగా బయటి ప్రపంచం ఊరుకోలేదు. 2012 జూలై 4న సెర్న్‌లో హిగ్స్ ప్రకటన. డిపార్ట్‌మెంట్ హాల్లో తెర కట్టి అందరం చూశాం. 125 జీఈవీ అన్న అంకె వినగానే మా గ్రూప్‌లో సగం మంది ముఖాలు వెలిగాయి, సగం మందివి వాడాయి. అంత బరువున్న హిగ్స్ రావాలంటే స్టాప్‌లు బాగా బరువుగా ఉండాలి, లేదా వాటి మిశ్రమం పెద్దగా ఉండాలి. ఆ ఏడాదే నవంబర్ 12న క్యోటోలో జరిగిన సదస్సులో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం వాళ్లు బి-ఎస్ మెసాన్ రెండు మ్యువాన్లుగా విరగడానికి మొదటి ఆధారం చూపించారు. వందకోట్లకు సుమారు మూడు. సరిగ్గా స్టాండర్డ్ మోడల్ చెప్పినంత. సూపర్‌సిమెట్రీలో ఆ రేటు టాన్ బీటా ఆరో ఘాతంతో పెరుగుతుంది. టాన్ బీటా పెద్దదై, హిగ్స్ కుటుంబంలోని మిగతావాళ్లు తేలికగా ఉంటే ఆ అంకె పదింతలైనా కావొచ్చు. కాలేదు. అప్పటిదాకా మా బోర్డు మీద రంగు చాక్‌పీసులతో గీసుకున్న ఎన్నో ఇలాకాలు ఆ ఒక్క మధ్యాహ్నం చెరిగిపోయాయి.

నాకు టెన్షన్ పట్టుకుంది. లేని కణాల కోసం రెండో మెట్టు కరెక్షన్లు చేస్తున్నానా అని. ఇదే మాట గైడ్‌ను అడిగాను. ఆ కణాలు లేవని చెప్పాలన్నా ఈ అంకె కావాలి కదా అన్నారు. అప్పుడు అంత ఊరట కలగలేదు.

2013 ఆగస్టుకు మొత్తం కూడిక చేతికొచ్చింది. మొదటి పరీక్ష: ఎప్సిలాన్ హారంలో ఉన్న పదాలు, మేం పోల్స్ అంటాం, అవన్నీ రద్దవ్వాలి. వందల బొమ్మలు, అనంతాలను కొట్టేసే కౌంటర్‌టర్మ్‌లు డజన్లకొద్దీ. సమీకరణం చివర సున్నా అని తెర మీద వచ్చింది. నేను లేచి కారిడార్‌లో అటూ ఇటూ తిరిగాను. సాయంత్రం గ్రూప్‌లో అందరికీ కేక్ తెచ్చాను. అక్కడ సంతోషం ఎవరిదైతే కేక్ వాళ్లే తేవాలి.

కేక్ తొందరపడి తెచ్చానని వారంలో తేలింది. రెండో పరీక్షకు వార్డ్ ఐడెంటిటీ అని పేరు. ఫోటాన్ అంటుకున్న బొమ్మలన్నిటినీ ఫోటాన్ మొమెంటమ్‌తో గుణిస్తే, ఫోటాన్ లేని బొమ్మల తేడాకు సమానం రావాలి. విద్యుదావేశం ఎక్కడా పుట్టదు, పోదు అన్న మాటకు అది గణిత రూపం. ఫోటాన్ లేని బొమ్మలు నేను విడిగా లెక్కగట్టి పెట్టుకున్నాను. రెండూ తీసి పక్కపక్కన పెట్టాను. కలవలేదు. ఏదో ఒక శాతం తేడా కాదు, పదిహేను పేజీల ఫార్ములా మిగిలింది.

మామూలుగా ఇలాంటి లెక్కల్ని ఇద్దరు విడివిడిగా, ఒకరి ప్రోగ్రాం ఒకరు చూడకుండా చేసి, చివర్లో పోల్చుకుంటారు. నాతోపాటు చేస్తున్న పోస్ట్‌డాక్ ఆ వేసవిలోనే ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. తప్పు పట్టను, ఇద్దరు పిల్లలున్నారు. కానీ నాకు పోల్చుకోవడానికి రెండో లెక్క లేకుండా పోయింది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ప్రోగ్రాం ఒక్కో లైనూ చదివాను. కౌంటర్‌టర్మ్‌లు మళ్లీ చేశాను. ఆల్ఫా-ఎస్ బై మూడు పై మళ్లీ చూశాను. ఇంటిగ్రల్స్ లైబ్రరీని అంకెలతో పరీక్షించాను. అన్నీ బాగానే ఉన్నాయి. మొత్తమే బాగాలేదు. చలికాలంలో అక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఎవరితోనూ మాట్లాడాలనిపించేది కాదు. పీహెచ్‌డీ మానేస్తే ఏం చేయొచ్చో ఒక కాగితం మీద రాసుకున్నాను, మూడు లైన్లు దాటలేదు.

సంక్రాంతికి ఇంటికి వచ్చాను. పండగ మరునాడు నాన్న వరండాలో పేపర్ చదువుతూ, తలెత్తకుండానే అడిగారు.

"తేలిందా బిడ్డా నీ లెక్క?"

"లేదు నాన్నా. రెండు వైపులా కలుస్తలేవు."

"తేడా ఎంత?"

ఈ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. తప్పు ఎక్కడుందని వెతికానే గానీ తేడా ఎంతని చూడలేదు. పదిహేను పేజీలుంది నాన్నా అన్నాను. ఆయన కళ్లజోడు తీశారు.

"ఎంత పెద్దగున్నా తేడా తేడానే. మేమైతే ముందుగాల తొమ్మిదితోని భాగించి చూస్తుంటిమి. శేషం లేకుంట పోయిందనుకో, యాభై నాలుగు రాయాల్సిన కాడ నలభై ఐదు రాసిండన్నట్టు, అంకెలు తారుమారైనయన్నట్టు. అది కాకుంటే సగం చేస్తుంటిమి. జమల రాయాల్సింది ఖర్చుల రాస్తే తేడా రెండింతలొస్తది. సగం చేసి, అంత మొత్తం ఎంట్రీ ఏడన్న ఉన్నదా అని డే బుక్కుల ఎతుకుతుంటిమి. దొరికేది."

నాకు ఒళ్లు ఝల్లుమంది. జమలో రాయాల్సింది ఖర్చులో రాయడమంటే ప్లస్‌కు బదులు మైనస్. ఏదో ఒక బొమ్మకు గుర్తు తప్పితే, మిగిలే తేడా ఆ బొమ్మకు సరిగ్గా రెట్టింపు ఉంటుంది!

ఆ రాత్రే ల్యాప్‌టాప్ తెరిచాను. పదిహేను పేజీల ఫార్ములాను ఫార్ములాగా పోల్చడం కష్టం కాబట్టి బరువులకు అంకెలిచ్చాను. 2, 3, 5, 7, 11 ఇలా ప్రధాన సంఖ్యలు, రెండు వేర్వేరు ముక్కలు పొరపాటున ఒకే విలువకు రాకుండా. తేడాను ముప్పై దశాంశ స్థానాల దాకా లెక్కించి సగం చేశాను. తర్వాత ఒక్కో బొమ్మ విలువా తీసి దానితో పోల్చే చిన్న ప్రోగ్రాం రాసి నడిపించి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఒక్కటీ కలవలేదు.

రెండు రోజులు మళ్లీ దిగాలు. చుట్టాలింటికి భోజనానికి వెళ్లాం. పప్పు వడ్డిస్తుంటే వచ్చింది ఆలోచన. నా జాబితాలో చాలా బొమ్మలకు అద్దంలో ప్రతిబింబంలా ఇంకో బొమ్మ ఉంటుంది: బాటమ్ వైపు జరిగేది స్ట్రేంజ్ వైపు జరుగుతుంది. ప్రోగ్రాం ఒకటే కాబట్టి ఒకదాంట్లో గుర్తు తప్పితే దాని జతలోనూ తప్పుతుంది. ఎంట్రీ ఒకటి కాదు, రెండు. ఇంటికొచ్చి జతలుగా కూడి పోల్చాను. ముప్పై స్థానాలూ కలిశాయి. ఒకే ఒక్క జత.

ఏ జత అని చూస్తే కారణం దానంతటదే కనబడింది. గ్లూయినో మజొరానా కణం, అంటే దానికదే ప్రతికణం. మామూలు ఫెర్మియాన్ గీత మీద బాణం గుర్తు ఒకవైపే సాగుతుంది. గ్లూయినో గీతకు బాణం లేదు. గ్లూయినో, చార్జినో గీతలు ఒకదాన్నొకటి దాటే బొమ్మ ఒకటుంది. అందులో బాటమ్ నుంచి గ్లూయినోలోకి, గ్లూయినో నుంచి టాప్‌లోకి, టాప్ నుంచి చార్జినోలోకి, అక్కడి నుంచి స్ట్రేంజ్‌లోకి గీత వెంట నడిస్తే, టాప్ దగ్గర మనం బాణానికి ఎదురు నడుస్తాం. ఎదురు నడిచేటప్పుడు ఏ నియమాలు మారతాయో డెన్నర్, ఆయన సహచరులు 1992లో తేటగా రాశారు: ప్రొపగేటర్‌లో, అంటే గీతకు రాసే పదంలో, మొమెంటమ్ గుర్తు మారుతుంది, ఫోటాన్ అంటుకునే చోట మైనస్ వస్తుంది. మొదటిది నేను పెట్టాను. రెండోది మరిచిపోయాను. ఫోటాన్ ఆ టాప్ మీద కూర్చున్న బొమ్మ, దాని ప్రతిబింబం. ఈ రెండే. ఫోటాన్ స్క్వార్క్ మీద కూర్చుంటే ఈ గొడవ లేదు. గ్లూయినోకైతే విద్యుదావేశమే లేదు.

మరి పోల్స్ ఎలా రద్దయ్యాయి? మాకు కావల్సిన డైపోల్ భాగంలో ఆ జతకు పోల్స్ ఉండనే ఉండవు. ఫోటాన్ టాప్ మీద కూర్చోగానే లోపలి చిన్న లూప్‌లు రెండూ పరిమితంగా అయిపోతాయి. నేను కేక్ పంచిన పరీక్షకు ఈ తప్పు కనబడే అవకాశమే లేదు. నాన్నకు చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. ఖాతా తప్పు వేసినా ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అవుతుంది కదా అన్నారు.

ఒక మైనస్ గుర్తు పెట్టాను. నాలుగు నెలలు!

మిగతాది త్వరగానే అయింది, ఒక్క సంగతి తప్ప. ఫార్ములాలు సరిగ్గానే ఉన్నా, రెండు బరువులు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు అంకెలు పిచ్చెక్కినట్టు ఎగిరేవి. హారంలో బరువుల వర్గాల తేడాలు గుణించి ఉంటాయి. పైనా కిందా రెండూ సున్నాకు దగ్గరైతే కంప్యూటర్ మోసే పదహారు అంకెల్లో పన్నెండు కొట్టుకుపోతాయి. అలాంటి చోట్ల శ్రేణిగా విప్పిన ఇంకో ఫార్ములా వాడాలి. ఆ అతుకులు కనబడకుండా కుట్టడానికి మూడు నెలలు పట్టింది. థీసిస్‌లో దానికి అర పేజీ కూడా లేదు.

ఫలితమా? మేం చూసిన బరువుల దగ్గర, టాన్ బీటా కూడికను పక్కన పెడితే, కొత్త ముక్క మొత్తం అంకెను కొద్ది శాతమే కదిపింది. స్కేల్ మార్చినప్పుడు ఊగడం మాత్రం బాగా తగ్గింది. 2015లో స్టాండర్డ్ మోడల్ అంకె కూడా పదివేలకు 3.36గా కొత్తగా వచ్చింది, ప్రయోగానికి ఇంకా దగ్గరగా. సూపర్‌సిమెట్రీకి చోటు ఇంకాస్త ఇరుకైంది. ఆ ఇరుకు ఎంతో చెప్పే గీతల్లో ఒకదాని మందం తగ్గించడమే నేను చేసింది.

ఆ ఏడాదే వైవా అయింది. గ్రూప్‌లోవాళ్లు అక్కడి ఆనవాయితీ ప్రకారం అట్టతో డాక్టర్ టోపీ చేసి పెట్టారు. మీద ఒక పెంగ్విన్ బొమ్మ, దాని చేతిలో ఎర్ర ఇంకుతో పెద్ద మైనస్ గుర్తు.

థీసిస్ అచ్చయ్యాక ఒక కాపీ జనగామకు పంపాను. అమ్మ దేవుడి అలమారలో పెట్టింది. వారం తర్వాత నాన్న ఫోన్ చేశారు. అలమారలోంచి తీసి పేజీలు తిప్పారట. ఐదో అధ్యాయంలో ఒక పట్టిక ఉంది: డబ్ల్యూ భాగం, హిగ్స్ భాగం, చార్జినో భాగం, గ్లూయినో కరెక్షన్, అడుగున మొత్తం.

"నేను పెన్సిల్‌తోని కూడిన బిడ్డా. రెండో వరుసల ఆఖరి అంకె ఒకటి తక్కువొస్తంది."

"అది రౌండింగ్ నాన్నా. ఒక్కోదాన్ని విడిగా సవరించి రాస్తే మొత్తంలో ఒకటి అటూ ఇటూ అయితది."

"నాకు ఎర్కే. కింద ఒక ముక్క రాయాలె గద మరి."